కిల్డోనన్ లోయ ఎందుకు ఖాళీ అయింది?

స్కాట్లాండ్ ఉత్తర కొసన, సదర్లాండ్ ప్రాంతంలోని కిల్డోనన్ పారిష్‌లో (ఒక చర్చి పరిధిలోని పాలనా ప్రాంతంలో) నేడు కనిపించేవి హెల్మ్స్‌డేల్ నది, దాని వెంట సాగే రైలుమార్గం, హెదర్ పొదలు కప్పిన కొండలు, ఎక్కడో ఒక ఇల్లు. ఉత్తరాన ఫ్లో కంట్రీ అనే విశాలమైన పీట్ నేలలు (సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న చిత్తడి నేలలు) మొదలవుతాయి. 2024లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ నేలలు ప్రకృతి సృష్టే కావచ్చు గానీ, ఈ లోయలో మనుషులు లేకపోవడం మాత్రం భూస్వామ్యపు లెక్కల ఫలితం.

1811 జనాభా లెక్కల్లో ఇక్కడ 1,574 మంది ఉన్నారు. గేలిక్ మాట్లాడే ఆ కుటుంబాలు నది ఒడ్డున ఓట్స్, బార్లీ పండించుకుంటూ, వేసవిలో పశువులను కొండ మేతకు తోలుకుంటూ బతికేవి. భూమి సదర్లాండ్ ఎస్టేటుది. చెవియట్ గొర్రెల పెంపకందార్లు ఇవ్వజూపిన కౌలు ఈ కుటుంబాలు కట్టేదానికంటే చాలా ఎక్కువ కావడంతో, ఎస్టేటు యజమాని కౌంటెస్ ఎలిజబెత్ తరఫు అధికారులు లోయను గొర్రెలకు అప్పగించి, జనాన్ని సముద్రతీరానికి తరలించాలని నిశ్చయించారు.

1813 ఆరంభంలో భూమి చూడవచ్చిన వారిని జనం తరిమికొట్టగా ఎస్టేటు సైన్యాన్ని రప్పించింది. ఆ వేసవిలోనే సుమారు వంద మంది, సెల్కిర్క్ ప్రభువు నెలకొల్పిన రెడ్ రివర్ వలసకు, అంటే నేటి కెనడాలోని విన్నిపెగ్ ప్రాంతానికి, ఓడెక్కారు. దారిలో టైఫస్ ప్రబలింది. చేరవలసిన యార్క్ ఫ్యాక్టరీ అనే వర్తక స్థావరానికి ఎంతో ఉత్తరాన, చర్చిల్ వద్ద, వారిని దించేశారు. చలికాలమంతా అక్కడే గడిపి, 1814 వసంతంలో వారిలోని యువతీయువకులు మంచు మీద నడిచి యార్క్ ఫ్యాక్టరీ చేరుకున్నారు. విన్నిపెగ్‌లో కిల్డోనన్ పేరుతో పేటలు ఇప్పటికీ ఉన్నాయి.

1819లో మరో విడత ఖాళీ చేయింపు జరిగింది. 1831 నాటికి పారిష్‌లో మిగిలింది 257 మందే. తీరానికి చేరినవారికి చిన్నచిన్న కమతాలు ఇచ్చి, హెల్మ్స్‌డేల్‌లో హెర్రింగ్ చేపల రేవు కట్టించారు. పొలం తప్ప పడవ ఎరుగని రైతుకు ఇది ఎంత న్యాయమో ఎస్టేటు పట్టించుకున్నట్టు లేదు.

1869లో లోయ మళ్లీ కొన్నాళ్లు సందడిగా మారింది. ఆస్ట్రేలియా గనుల్లో పనిచేసి వచ్చిన స్థానికుడు రాబర్ట్ గిల్‌క్రిస్ట్ వాగుల్లో బంగారం కనుగొనడంతో వందల మంది ఎగబడ్డారు. గొర్రెలకు, వేటకు ఇబ్బందిగా ఉందని ఏడాది తిరగకముందే ఎస్టేటు యజమాని సదర్లాండ్ డ్యూక్ తవ్వకాలు ఆపించాడు.

స్కాట్లాండ్‌లో 2003 నాటి భూసంస్కరణ చట్టం స్థానిక సమాజాలకు భూమి కొనుగోలులో హక్కు కల్పించడం వెనుక ఇలాంటి చరిత్రే ఉంది. 2016లో హెల్మ్స్‌డేల్ పక్కన ఉన్న గార్టీమోర్, పోర్ట్‌గవర్ తదితర గ్రామాల భూమిని, దాదాపు 3,000 ఎకరాలను, స్థానిక సంఘం సదర్లాండ్ ఎస్టేటు నుంచి కొన్నది. అవి లోయ నుంచి వెళ్లగొట్టినవారికి కమతాలిచ్చిన తీర గ్రామాలు.