పొల్యూషన్ టెస్ట్‌లో ఫెయిలైతే ఇంజిన్ దింపాలా? అపోహలు - వాస్తవాలు

ఈ నెలలో ఇది నాలుగో బండి. పొల్యూషన్ టెస్ట్‌లో ఫెయిలైందని, ఇంజిన్ లోపల అరిగిపోయి బోర్‌కి వచ్చేసిందని ఎవరో చెప్పగానే భయపడిపోయి, అప్పు చేసి మరీ నా షెడ్డుకి వస్తున్నారు. శ్రీకాకుళంలో పాతికేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఫెయిలైన ప్రతి బండికీ ఇంజిన్ దింపాలన్నది పచ్చి అబద్ధం. జనం కష్టార్జితం అంతా ఈ ఒక్క మాట మీదే పోతోంది.

ముందు పొగ రంగు చూడండి. డీజిల్ బండి నల్లపొగ వదులుతోందంటే, డీజిల్‌కి సరిపడా గాలి అందడం లేదు, లేదా డీజిల్ సరిగా కాలడం లేదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం) పైపు చిరిగి ఉండొచ్చు, ఇంజెక్టర్ సరిగా స్ప్రే చేయకపోవచ్చు, కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్‌కి మసి పట్టి ఉండొచ్చు. నీలం పొగ అదే పనిగా వస్తూ, ఆయిల్ కూడా మాటిమాటికీ తగ్గుతుంటేనే రింగుల మీద, వాల్వ్ సీళ్ల మీద, టర్బో మీద అనుమానపడాలి. అప్పుడైనా కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) చెక్ చేయకుండా ఇంజిన్ విప్పనివ్వకండి.

టెక్కలి వైపు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. "ఇంజిన్ పనికి ముప్పై అయిదు వేలు అవుద్దంటన్నారు. ఏటి చెయ్యాలి బాబూ, అమ్మేయమంటావా?" అన్నారు. చేతులు వణుకుతున్నాయి. చూస్తే నల్లపొగ, ఆయిల్ మాత్రం తగ్గలేదు. ఆయన రోజూ తిరిగేది గ్రానైట్ క్వారీల రోడ్డు. ఫిల్టర్ డబ్బా తెరిస్తే దోసెడు తెల్లదుమ్ము! కొత్త ఫిల్టర్ అయిదు వందల లోపే. అది వేసి, హైవే మీద నరసన్నపేట దాకా వెళ్లొచ్చి, ఇంజిన్ వేడి మీదే టెస్ట్ చేయించమన్నాను. బీఎస్ 4 (భారత్ స్టేజ్ 4 కాలుష్య ప్రమాణం) డీజిల్ బండికి పొగ చిక్కదనం రీడింగ్ 50 దాటకూడదు. అంతకుముందు 68 చూపించిన బండి 31కి దిగింది. మాస్టారు ముందు ఇంటికి ఫోన్ చేసి "ఇంజిన్ బాగానే ఉందే" అని చెప్పారు. ఆ గొంతు నాకింకా గుర్తుంది.

వేడి మీదే అని ఎందుకన్నానంటే, చల్లటి ఇంజిన్‌లో ఇంధనం పూర్తిగా కాలదు. పెట్రోల్ కార్లలో పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాట్ కన్వర్టర్ బాగా వేడెక్కితే గానీ పనిచేయదు. ఇంటి పక్కనే సెంటర్ ఉంది కదా అని పొద్దున్నే స్టార్ట్ చేసి తీసుకెళ్లకండి. పావుగంటైనా నడపండి.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. ట్యాంకులో ఇంజిన్ క్లీనర్ అని అమ్మే సీసా మందు పోస్తే మూసుకుపోయిన ఫిల్టర్ బాగుపడదు. క్యాట్ కన్వర్టర్ పీకేస్తే మైలేజ్ పెరుగుతుందన్న మాట నమ్మకండి. బీఎస్ 4 పెట్రోల్ కారుకి ఐడిల్‌లో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 0.3 శాతం దాటకూడదు, ఆ కన్వర్టర్ లేకుండా ఆ రీడింగ్ రావడం చాలా కష్టం. కొత్త కారుకి మొదటి ఏడాది మాత్రమే మినహాయింపు. ఆ తర్వాత బీఎస్ 4, బీఎస్ 6 బండ్లకి ఏడాదికోసారి, అంతకన్నా పాతవాటికి ఆరు నెలలకోసారి టెస్ట్ చేయించాలి. బండి తీసుకెళ్లకుండా సర్టిఫికెట్ ఇస్తామనేవాళ్ల దగ్గరికి అసలు పోవద్దు. బండి పొగ రూల్‌లో చెప్పిన పరిమితి దాటితే చట్టంలో 10,000 రూపాయల వరకు జరిమానా ఉంది.

ఫెయిలైతే టెన్షన్ పడకుండా, రీడింగ్ రాసి ఉన్న స్లిప్ అడిగి తీసుకోండి. ఆ కాగితం మెకానిక్‌కి చూపించి, పొగ ఏ రంగులో వస్తోందో చెప్పండి. ముందు ఏది విప్పి చూడాలో అతనికి దాన్నిబట్టే తెలుస్తుంది.