మార్ఫిన్ అల్మారా, రిజిస్టరు: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: మార్ఫిన్ పెట్టుకుంటే కేసుల గొడవ.

క్యాన్సర్ నొప్పితో నిద్రలేని రోగికి మార్ఫిన్ రాయమంటే "ఎందుకండీ ఈ తలనొప్పి" అనే వైద్యులు నాకు ఇప్పటికీ తారసపడుతుంటారు. మత్తుమందులను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం వాటి వైద్య వినియోగాన్ని ఎన్నడూ నిషేధించలేదు. మందును ఆసుపత్రులకు దూరం చేసింది రకరకాల లైసెన్సుల చిక్కు. 2014 సవరణ, ఆ మరుసటి ఏడాది వచ్చిన నియమాల తర్వాత మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్, కోడీన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్ మందులను నిల్వ చేయడానికి రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి ఇచ్చే గుర్తింపు ఉంటే సరిపోతుంది. అయితే నొప్పి నివారణలో గానీ మత్తు వ్యసన చికిత్సలో గానీ శిక్షణ పొందిన వైద్యుడు ఒకరైనా అక్కడ ఉండాలి.

అపోహ: అల్మారాకు తాళం వేస్తే బాధ్యత తీరినట్టే.

తాళం కన్నా రిజిస్టరే ముఖ్యమని నా అనుభవం. ఒక ఆసుపత్రిలో పని చేసినప్పుడు, చేయి జారి పగిలిన ఆంపూల్ (ఇంజెక్షన్ మందు ఉండే చిన్న గాజు సీసా) లెక్కకు అందక, నర్సమ్మ భయపడి నిల్వ అంకెపై వైట్‌నర్ పూసింది. తప్పు పగిలిన గాజుది కాదు, పూసిన వైట్‌నర్‌ది. అంకె తప్పితే ఒకే గీతతో కొట్టివేసి, పక్కన కారణం, తేదీ, సంతకం పెట్టాలి. పది మిల్లీగ్రాముల ఆంపూల్‌లో ఐదే ఇచ్చినప్పుడు మిగిలినది మరొకరి ఎదుట పారబోసి ఇద్దరూ సంతకం చేయాలి. షిఫ్టు మారేటప్పుడు ఆంపూళ్లు కళ్లతో లెక్కించి అప్పగించాలి.

అపోహ: ట్రమడాల్, ఆల్ప్రజొలామ్ మామూలు మాత్రలే.

ఆందోళనకు వాడే ఆల్ప్రజొలామ్ ఎన్‌డీపీఎస్ జాబితాలో ఉన్నదే, నొప్పికి వాడే ట్రమడాల్ 2018లో చేరింది. ఇవి వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితా అయిన షెడ్యూల్ హెచ్1 కింద కూడా వస్తాయి కాబట్టి మందుల దుకాణం వీటి వివరాలను ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. అంతకన్నా కఠినమైన షెడ్యూల్ ఎక్స్ జాబితాలోని, శస్త్రచికిత్సల్లో మత్తుకు వాడే కెటమైన్‌కు చీటీ రెండు ప్రతులుగా రాయాలి.

అపోహ: ఫోన్‌లో మాట్లాడి చీటీ పంపవచ్చు.

2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం షెడ్యూల్ ఎక్స్ మందులు, ఎన్‌డీపీఎస్ మందులు అలా రాయకూడదు.

అపోహ: రోగి పోయాక మిగిలిన మాత్రలు ఇంకొకరికి ఇస్తే పుణ్యం.

అలా ఇవ్వకూడదు. ఇంట్లోనే వదిలేస్తే పిల్లల చేతికి పోతాయి కనుక తెచ్చి ఇమ్మని ముందే చెబుతాం. మొన్న ఒక కొడుకు, తల్లి దినం ముగిసిన మర్నాడు, సగం వాడిన స్ట్రిప్పు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అతని ముందే ఏడు మాత్రలని లెక్కించి, స్టాకులో కలపకుండా వేరే పుటలో రాసి, సంతకం చేయించుకుని పంపించాం.