777 కొడితే పోయే జబ్బు కాదిది: ఫైల్ పర్మిషన్లపై అపోహలు - వాస్తవాలు

లినక్స్ సర్వర్ వాడేవాళ్ల నుంచి ఈ వారంలో ఇదే ఫిర్యాదు రావడం మూడోసారి. "సర్, పర్మిషన్ డినైడ్ అంటోంది. 777 కూడా ఇచ్చేశాను, అయినా తెరుచుకోవట్లేదు." ఆ "కూడా" వింటేనే నాకు గుండె జారుతుంది.

అపోహ: యాక్సెస్ రాకపోతే చ్‌మాడ్ (పర్మిషన్లు మార్చే కమాండ్) 777 ఇస్తే చాలు.

వాస్తవం: ఆ మూడంకెలు వరసగా ఓనర్‌కి, గ్రూపుకి, మిగతా అందరికీ. చదవడం 4, రాయడం (డబ్ల్యూ) 2, ఫైల్ని నడపడం లేదా డైరెక్టరీలోకి వెళ్లడం (ఎక్స్) 1, మూడూ కలిస్తే 7. కానీ చాలాసార్లు తప్పు ఫైల్లో ఉండదు, పైనున్న డైరెక్టరీలో ఉంటుంది. డైరెక్టరీకి ఎక్స్ లేకపోతే లోపలికి దారే లేదు, ఫైల్‌కి ఎన్ని ఏడులు పెట్టినా అంతే. నేమ్‌ఐ -ఎల్ కొట్టి పూర్తి పాత్ ఇవ్వండి, రూట్ డైరెక్టరీ (/) నుంచి ఫైల్ దాకా ఒక్కో మెట్టు పర్మిషన్లూ వరసగా చూపిస్తుంది. ఎక్కడ ఆగిందో అక్కడే సరిచేయండి. నలుగురూ కలిసి రాసే ఫోల్డర్ కావాలంటే గ్రూపు పెట్టి డైరెక్టరీకి 2770 ఇవ్వండి. ముందున్న ఆ 2 వల్ల లోపల పుట్టే కొత్త ఫైళ్లు అదే గ్రూపుకి చెందుతాయి. యూమాస్క్ (కొత్త ఫైళ్లకు ఏ హక్కులు తీసేయాలో చెప్పే సెట్టింగ్) 022 ఉంటే మాత్రం గ్రూపుకి రాసే హక్కు రాదు, 002 చేసుకోండి.

ఒక రాత్రి ఓ కుర్రాడు వణుకుతూ ఫోన్ చేశాడు. హోమ్ డైరెక్టరీ మొత్తానికి -ఆర్ (లోపలున్నవన్నీ కలిపి) పెట్టి 777 ఇచ్చాడట, అప్పట్నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) కీతో లాగిన్ అవట్లేదు. "ఎవరైనా హ్యాక్ చేశారా సర్?" ఎవరూ చేయలేదు నాయనా. హోమ్‌లో అందరూ రాయగలిగితే నీ కీల ఫైల్‌ని ఎవరైనా మార్చేయొచ్చు, అందుకే సర్వర్ దాన్ని నమ్మడం మానేసింది. పాత సెషన్ మూయలేదు కాబట్టి బతికాం. హోమ్‌కి 755, .ఎస్‌ఎస్‌హెచ్‌కి 700, కీలకు 600 ఇచ్చేసరికి లాగిన్ అయింది. కానీ మిగతా వాటిలో ఏది ఎక్స్ కావాల్సిన స్క్రిప్టో, ఏది వట్టి టెక్స్టో ఏరేసరికి తెల్లారింది.

అపోహ: 444 పెడితే ఫైల్ని ఎవరూ డిలీట్ చేయలేరు.

వాస్తవం: డిలీట్‌కి ఫైల్ పర్మిషన్‌తో పనిలేదు. డైరెక్టరీకి డబ్ల్యూ, ఎక్స్ ఉన్నవాడు తీసిపారేయగలడు. /టీఎంపీలో ఒకరి ఫైళ్లు ఒకరు చెరపకుండా ఆపేది స్టికీ బిట్, అంటే 1777లో ఆ ముందున్న 1.

అపోహ: గ్రూపులో చేర్చారన్నారు, అబద్ధం.

వాస్తవం: చేర్చాం. కొత్త గ్రూపు మళ్లీ లాగిన్ అయ్యాకే అందుతుంది. లాగౌట్ అయి మళ్లీ రండి, తర్వాత ఐడీ అని కొట్టి మీ గ్రూపులు చూడండి.

అపోహ: 600 పెట్టాను, అడ్మిన్ కూడా చూడలేడు.

వాస్తవం: చూడగలడు. ఆ సర్వర్‌లోనే ఉన్న ఫైలైతే 000 పెట్టినా రూట్ యూజర్‌కి, అంటే అడ్మిన్ ఖాతాకి అడ్డు కాదు. అంత రహస్యమైతే ఎన్‌క్రిప్ట్ చేసుకోండి. ఆ అడ్మిన్‌ని నేనే కాబట్టి చెబుతున్నా.