చిప్ కూలింగ్ సిమ్యులేషన్: ఫ్రీ టూల్స్ చుట్టూ తిరిగే అపోహలు, అసలు సంగతులు

బోర్డు మీద చిప్ ఎంత వేడెక్కుతుందో తయారీకి ముందే లెక్కగట్టడం నా పని, ఎక్కువగా గాలి, వేడి ప్రవాహాలను లెక్కగట్టే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఫోమ్‌తో. తిరుపతిలో ప్రాజెక్టులు చేసే ఇంజనీరింగ్ పిల్లలు, రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ యూనిట్లలో చేరిన కుర్రాళ్ళు అడిగేవన్నీ దాదాపు ఒకే రకం ప్రశ్నలు.

అపోహ: ఊరికే వచ్చే సాఫ్ట్‌వేర్, లెక్క తప్పుతుంది.

వాస్తవం: లండన్ ఇంపీరియల్ కాలేజీలో మొదలై 2004లో ఓపెన్ సోర్స్ అయిన టూల్ ఇది. లక్షలు పోసి కొనే ప్యాకేజీలు సాధించేదీ ఇవే గాలి, వేడి సమీకరణాలనే. కాకపోతే వాటిలో ఫ్యాన్లు, హీట్‌సింక్‌ల (చిప్ వేడిని లాగి గాలికి వదిలే రెక్కల లోహపు దిమ్మెలు) లైబ్రరీ రెడీగా ఉంటుంది, ఇక్కడ అన్నీ మనమే రాసుకోవాలి. పైగా ఓపెన్‌ఫోమ్ ప్రధానంగా రెండు శాఖలుగా నడుస్తోంది. ఫౌండేషన్ శాఖ 2023లో తెచ్చిన 11వ వెర్షన్‌లో, లోహాన్నీ గాలినీ కలిపి లెక్కగట్టే పాత సాల్వర్ (లెక్క నడిపే ప్రోగ్రామ్) స్థానంలో వేరేది పెట్టారు. ఎక్కడో దొరికిన పాత కేసు ఫైళ్ళు (సిమ్యులేషన్ సెట్టింగ్‌లు ఉండేవి) కాపీ కొట్టి, రన్ కావట్లేదని టూల్‌ని తిడితే ఎలా?

అపోహ: మెష్ (లెక్క కోసం స్థలాన్ని విడగొట్టే చిన్న గళ్ళ వల) ఎంత సన్నగా వేస్తే జవాబు అంత కరెక్ట్.

వాస్తవం: ఎక్కువమంది మునిగేది ఇక్కడే. రెక్కల చుట్టూ గాలిని అద్భుతంగా మెష్ చేసి, చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య వేడి దాటడానికి పూసే పేస్టును మాత్రం వదిలేస్తారు. 10 మి.మీ. చదరం చిప్, 30 వాట్లు, 50 మైక్రాన్ల మందంలో పేస్టు, దాని ఉష్ణవాహకత 3 W/m·K అనుకోండి. ఆ పొరలోనే 5 డిగ్రీలు పోతాయి. ఫ్యాక్టరీలో స్క్రూ సరిగ్గా బిగించక అదే పేస్టు 150 మైక్రాన్లు ఉండిపోతే 15 డిగ్రీలు. మెష్‌ని రెట్టింపు చేస్తే మారేది చాలాసార్లు ఒకటి రెండు డిగ్రీలే! ఆ పొరకు విడిగా మెష్ కూడా అక్కర్లేదు, చిప్, హీట్‌సింక్ రీజియన్లు కలిసే చోట బౌండరీ కండిషన్‌లోనే (సరిహద్దు దగ్గర ఇచ్చే షరతు) పొర మందం, వాహకత ఇచ్చేయొచ్చు. మెష్ మార్చి చూడొద్దని కాదు, తప్పకుండా చూడాలి, కానీ ముందు పేస్టు సంగతి తేల్చండి.

అపోహ: రెసిడ్యువల్స్ (సమీకరణాల్లో ఇంకా మిగిలిన తేడా) కిందికి దిగాయంటే పనైపోయినట్టే.

వాస్తవం: కాదు. తప్పు వాట్లు ఇచ్చినా రెసిడ్యువల్స్ బుద్ధిగా దిగుతాయి. కాగితం మీద చూసుకోండి: 40 డిగ్రీల గాలి సెకనుకు 5 లీటర్లు పోతూ 30 వాట్లు మోసుకెళ్తే సుమారు 5.3 డిగ్రీలు వేడెక్కి బయటికి రావాలి. ఫలితాలను బొమ్మలుగా చూపే పారావ్యూలో, గాలి బయటికి వచ్చే అవుట్‌లెట్ దగ్గర 12 డిగ్రీల పెరుగుదల కనిపిస్తుంటే, రంగుల బొమ్మ ఎంత బాగున్నా రిపోర్టులో పెట్టొద్దు. ఫ్యాన్ డబ్బా మీద రాసిన గాలి లెక్క కూడా అడ్డేమీ లేనప్పటిది, రెక్కల మధ్య దూరేసరికి అంత రాదు, అందుకే ఒకే అంకె కాకుండా ఫ్యాన్ కర్వ్ (అడ్డు పెరిగేకొద్దీ గాలి ఎంత తగ్గుతుందో చూపే గీత) ఇవ్వాలి.

అపోహ: గది ఉష్ణోగ్రత 25 పెడితే చాలు.

వాస్తవం: మే నెలలో తిరుపతిలో ఉండి ఈ మాట అనడానికి ధైర్యం కావాలి. బయటే 42 ఉంటే, ఎండలో పెట్టిన రేకు డబ్బాలో ఇంకెంతో ఆలోచించండి. ఫ్యాన్ ఉన్న డిజైన్‌లో బయటి వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్ కూడా దాదాపు అన్ని పెరుగుతుంది, నిజానికి కాస్త ఎక్కువే, ఎందుకంటే వేడెక్కిన చిప్‌లో లీకేజీ కరెంటు (పని చేయకపోయినా కారిపోయేది) పెరిగి వాట్లు కూడా పెరుగుతాయి. తిరుమల మీద పెట్టే పరికరమైతే ఇంకో మెలిక: సుమారు 850 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత, ఒకే ఉష్ణోగ్రత దగ్గర కింద తిరుపతితో పోల్చినా, 8 శాతం దాకా తక్కువ. కొండ మీద చల్లదనం దీన్ని చాలావరకు సరిచేస్తుందనుకోండి, అయినా లెక్కలో ఉండాలి.

అపోహ: దీనికి సూపర్ కంప్యూటర్ కావాలి.

వాస్తవం: ఒక హీట్‌సింక్, ఒక ఫ్యాన్ ఉన్న పది లక్షల సెల్స్ (మెష్ గళ్ళు) కేసు 16 జీబీ ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. చిప్ లోపల ఏ బ్లాక్ వేడో తెలిస్తే చాలంటే హాట్‌స్పాట్, త్రీడీ-ఐస్ లాంటి టూల్స్ ఉన్నాయి, గాలిని పూర్తిగా సాధించకుండా రెసిస్టర్ల నెట్‌వర్క్‌లా లెక్కగడతాయి, చాలా త్వరగా తేలిపోతుంది.

అపోహ: డేటాషీట్‌లో తీటా-జేఏ (ఒక వాటుకు చిప్ చుట్టూ ఉన్న గాలికంటే ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుందో చెప్పే అంకె) ఉందిగా, వాట్లతో గుణిస్తే సరి.

వాస్తవం: ఆ అంకె జెడెక్ (ఎలక్ట్రానిక్స్ ప్రమాణాలు రాసే సంస్థ) వాళ్ళ టెస్ట్ బోర్డు మీద కొలిచింది, ఒక ప్యాకేజీని ఇంకోదానితో పోల్చడానికి. మీ డబ్బాలో చిప్ ఎంత వేడెక్కుతుందో చెప్పడానికి వాడొద్దని ఆ ప్రమాణంలోనే రాసుంది.