బొబ్బిలికి సిట్ అంటే నా నడుం వంపు

ఎంవీపీ కాలనీలో మా హాల్లో ఉన్నంతసేపూ మా కుక్క బొబ్బిలి బుద్ధిమంతుడే. సిట్ అంటే చతికిలబడతాడు, చెయ్యి చాపితే కాలు ఇస్తాడు. అదే ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తే ఇసకలో నన్నే ఈడ్చుకుపోతాడు, మురీ మిక్చర్ బండి దగ్గర ఆగిపోయి, సిట్ అని పదిసార్లు అరిచినా వినబడనట్టు సముద్రం కేసి చూస్తాడు. వచ్చేపోయేవాళ్ల ముందు పరువు పోతుంటే తట్టుకోలేక, చివరికి ఇంటికొచ్చి నేర్పే ట్రైనర్‌ని పెట్టుకున్నాం. పోలీసు జాగిలాల దగ్గర హ్యాండ్లర్‌గా చేసి రిటైరైన పెద్దాయన.

మొదటి రోజు ఆయన కుక్క జోలికే పోలేదు. "అమ్మా, మీరు ఫ్రిజ్ వైపు తిరిగి సిట్ అనండి" అన్నారు. అన్నాను. బొబ్బిలి తోకాడిస్తూ నిలబడే ఉన్నాడు. "ఇప్పుడు ఇటు తిరిగి, నోరు మెదపకుండా, రోజూ చెప్పేటప్పుడు ఎలా ఉంటారో అలా చేయండి." కాస్త ముందుకి వంగి వేలెత్తానో లేదో, టప్పున కూర్చున్నాడు. ఆర్నెల్లుగా వాడికి మాట నేర్పాననుకుంటున్నాను, వాడేమో నా నడుం వంపు నేర్చుకున్నాడు!

నూటపాతికేళ్ల కిందట బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం ఇలాగే జనాన్ని బోల్తా కొట్టించింది. లెక్క చెప్తే, జవాబు ఎంతైతే అన్నిసార్లు గిట్టతో నేల తట్టేది. ఆస్కర్ ఫుంగ్స్ట్ అనే ఆయన దాన్ని పట్టుబట్టి పరీక్షించి, అడిగినవాడికే జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదని 1907లో తేల్చాడు. సరైన అంకె రాగానే అడిగేవాడి తల వాడికే తెలియకుండా రవ్వంత కదిలేది, గుర్రం అది చూసి ఆపేసేది. అలాగని కుక్కలకి మాటలు పట్టుబడవని కాదు, అమెరికాలో చేజర్ అనే బోర్డర్ కోలీ 1,022 బొమ్మల్ని పేర్లతో గుర్తుపట్టింది. కాకపోతే మాటా, ఒంటి కదలికా రెండూ ఒకేసారి వస్తే మామూలు కుక్క సాధారణంగా కదలికనే పట్టుకుంటుంది. అందుకే ముందు మాట అని, ఒక్క క్షణం ఆగి, తర్వాత చెయ్యి ఎత్తమన్నారు ట్రైనర్ గారు. అలా అయితే మాట చేతికి ముందస్తు కబురవుతుంది, కొన్నాళ్లకి చెయ్యి అక్కర్లేదు. జీర్ణక్రియ మీద పరిశోధనకి 1904లో నోబెల్ అందుకున్న పావ్లోవ్ కుక్కల దగ్గర చూసిందీ ఇదే, సంకేతం ముందు రావాలి, తిండి తర్వాత రావాలి. వరస తిరగబడితే నేర్చుకోవడం సరిగ్గా జరగదు.

రెండో క్లాసులో నా పరువు ఇంకాస్త పోయింది. ఆయన ఫోన్‌లో వీడియో తీసి మెల్లగా తిప్పి చూపించారు. బొబ్బిలి కూర్చున్నాడు, నేను డబ్బా మూతతో కుస్తీపట్టి చికెన్ ముక్క తీశాను, ఈలోగా వాడు లేచి నా మోకాళ్ల మీద కాళ్లు పెట్టాడు, అప్పుడు ముక్క నోట్లో పడింది. అంటే నేను కూలిచ్చింది ఎగబడినందుకు! ఏ పని వెంట మేలు జరిగితే జంతువు ఆ పనే మళ్లీ చేస్తుందని థార్న్‌డైక్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1898లోనే పెట్టెల్లో పిల్లుల్ని పెట్టి చూపించాడు. అది నేనూ చదివాను, ఆ "వెంట" అన్నది ఎంత ఇరుకైన సందో మాత్రం ఆ వీడియో చూశాకే తెలిసింది. ఇప్పుడు వాడి పిర్ర నేలకి తగలగానే నాలుకతో 'టక్' అంటాను, ముక్క తర్వాత నిదానంగా ఇచ్చినా పర్వాలేదు. ఆ శబ్దమే రసీదు.

ఇంతకుముందు ఒకాయన వచ్చి, మీరే గుంపుకి నాయకుడని కుక్కకి తెలియాలి, మెడ పట్టి నేలకి అదమండి అన్నాడు. రెండు రోజులకే పంపేశాం. ఆ నాయకుడి కథ, ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్లని ఒకేచోట బంధించి చూసిన పరిశీలనల్లోంచి పుట్టింది. దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చిన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ తర్వాత తనే వెనక్కి తీసుకున్నాడు. అడవిలో తోడేళ్ల గుంపంటే చాలావరకు అమ్మా, నాన్నా, పిల్లలూ, అంతే.

ఇక బీచ్ సంగతి. కుక్కకి పాఠం చోటుతో సహా అంటుకుంటుంది. బొబ్బిలి లెక్కలో సిట్ అంటే మా గచ్చు, మా ఫ్యాను, ఎదురుగా నేను. అందుకని అదే పాఠం బాల్కనీలో, లిఫ్టు దగ్గర, గేటు బయట, ప్రతిచోటా మొదట్నించీ చెప్పాం. బీచ్‌లో అయితే మురీ బండికి చాలా దూరంగా మొదలుపెట్టి, రోజుకి నాలుగడుగులు దగ్గరకి జరిగాం. తెల్లారకముందే వెళ్లేవాళ్లం, ఎందుకంటే కుక్క ఒళ్లు చల్లబడేది ముఖ్యంగా నాలుక చాపి రొప్పడం వల్లే, మన విశాఖ ఉక్కపోతలో గాలి నిండా తేమ ఉంటే ఆ తడి ఆరదు. రొప్పుతున్న కుక్కకి పాఠం ఎక్కదు.

అన్నిటికన్నా కష్టమైన క్లాసు అమ్మకి జరిగింది. భోజనాల దగ్గర బొబ్బిలి మూలిగితే ఎప్పుడో ఒకసారి పెరుగన్నం ముద్ద పడేస్తుంది. ఆ "ఎప్పుడో ఒకసారి" ఉందే, అదే విషం. రోజూ పెట్టి ఒక్కసారిగా మానేస్తే కుక్క తొందరగానే ఆశ వదులుకుంటుంది, అప్పుడప్పుడు పెడితే లాటరీ టికెట్ కొనేవాడిలా ఎన్నాళ్లయినా వదలదు. పూర్తిగా మానేస్తే మొదట్లో మూలుగు ఇంకా పెరుగుతుంది, అక్కడ జాలిపడితే గట్టిగా ఏడవాలని మనమే నేర్పినట్టు. "ఏటమ్మా, గుంటడు అలా చూస్తంటే ముద్ద ఎలా దిగుద్ది?" అంది అమ్మ. అయినా మూడు వారాలు ఓర్చుకుంది, వాడూ తలుపు దగ్గర చాప మీద పడుకోవడం అలవాటు చేసుకున్నాడు.

నిన్న రాత్రి నేను ఫోన్ మాట్లాడి వచ్చేసరికి చాప ఖాళీగా ఉంది. అమ్మ కుర్చీ పక్కన బొబ్బిలి, ఎవరూ చెప్పకుండానే, నిటారుగా సిట్‌లో కూర్చుని ఉన్నాడు. మూతికి పెరుగు.