సార్ రిటైరయ్యాక

1987లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో జాన్ ఫెన్ అనే ప్రొఫెసర్‌కు 70 ఏళ్లు నిండాయి. రూలు ప్రకారం రిటైర్ చేశారు. రిటైరైనవాళ్లకు గౌరవంగా ఇచ్చే ఎమెరిటస్ అనే హోదా ఇచ్చి, ఒక గది ఉంచి, ల్యాబ్‌లో చాలా భాగం వెనక్కి తీసుకున్నారు. సరిగ్గా అప్పుడే ఆయన ప్రయోగం ఒకటి ఊపందుకుంటోంది.

ప్రొటీన్ లాంటి పెద్ద అణువుల బరువు తూచడం అప్పట్లో పెద్ద తలనొప్పి. తూచాలంటే ముందు వాటిని గాల్లోకి లేపాలి, వేడి చేస్తే ముక్కలైపోతాయి. ఫెన్ ప్రొటీన్ కలిపిన ద్రావణాన్ని సన్నటి సూదిలోంచి పంపి, దానికి వేల వోల్టుల కరెంటు పెట్టారు. బయటికొచ్చిన తుంపర ఆరుతూ ఆరుతూ చివరికి విద్యుదావేశం అంటుకున్న ప్రొటీన్ మాత్రమే మిగులుతుంది, చెక్కుచెదరకుండా. 1989లో దీని మీద పరిశోధన పేపర్ వచ్చింది. 2002లో నోబెల్. అప్పటికి ఆయనకు 85 ఏళ్లు, ఉన్నది యేల్‌లో కాదు, వర్జీనియాలోని వేరే యూనివర్సిటీలో. హైదరాబాద్ ఫార్మా ల్యాబుల్లో, మిశ్రమంలోని పదార్థాలను విడదీసి అణువుల బరువు తూచే ఎల్‌సీ-ఎంఎస్ మెషిన్ల మీద పనిచేసేవాళ్లు రోజూ వాడేది ఈ సూది కిటుకునే.

మరి వయసొస్తే బుర్ర మొద్దుబారుతుందంటారే? కొంత నిజమే. కొత్త లెక్కను చకచకా పట్టే వేగం, పేర్లు ఠక్కున గుర్తురావడం తగ్గుతాయి. పదసంపద, చదివిన విషయం మీద పట్టు మాత్రం చాలాకాలం నిలుస్తాయి. ప్రొఫెసర్ల పేపర్లు లెక్కపెట్టి గ్రాఫ్ గీస్తే, ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకే శిఖరానికి చేరి, అక్కణ్నుంచి మెల్లగా దిగుతుందని దశాబ్దాలుగా చెబుతూ వచ్చారు. కానీ అది సగటు. అమెరికా, కెనడాల్లోని 2,453 మంది కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ల పేపర్లను ఒక్కొక్కరివిగా చూసిన 2017 నాటి అధ్యయనంలో, ఆ దారిన నడిచినవాళ్లు ఐదో వంతు మందే. మిగతావాళ్లలో కొందరు ఆలస్యంగా ఎక్కారు, కొందరు మొదటినుంచీ దిగారు, కొందరు ముందు దిగి తర్వాత ఎక్కారు.

ఇంకో అధ్యయనం 2016లో వచ్చింది, నాకు ఇదే ఎక్కువ నచ్చింది. ఒక శాస్త్రవేత్త రాసిన పేపర్లన్నీ వరసగా పేరిస్తే, ఇతరులు అన్నిటికన్నా ఎక్కువగా ప్రస్తావించే పేపర్ మొదటిదైనా కావచ్చు, చివరిదైనా కావచ్చు. అవకాశం సమానం. చిన్న వయసులో పేరొచ్చే పని ఎక్కువగా కనిపించడానికి కారణం, ఆ వయసులో ఎక్కువ పేపర్లు రాయడమే. ఎక్కువ టికెట్లు కొన్నవాడికి లాటరీ తగిలినట్టు.

అలాంటప్పుడు అడగాల్సింది, టికెట్లు కొనడం ఎందుకు తగ్గుతుందని. మన యూనివర్సిటీల్లో జవాబు వెతకాల్సిన పని లేదు. యాభై దాటాక హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్), తర్వాత డీన్, మధ్యలో సెలక్షన్ కమిటీలు, ఊరూరా పీహెచ్‌డీ వైవాలు. యూనివర్సిటీల నాణ్యతను పరిశీలించే నాక్ టీం వస్తుందంటే ఇక ఆ కొన్ని నెలలూ డిపార్ట్‌మెంట్‌లో సైన్స్ ఉండదు, ఫైళ్లే ఉంటాయి. పైగా యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం సర్వీసు మూడేళ్లలోపే మిగిలితే కొత్త పీహెచ్‌డీ స్కాలర్‌ను తీసుకోకూడదు. స్కాలర్‌ను మధ్యలో వదిలేయకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ తెలంగాణ 2025లో తన యూనివర్సిటీల్లో రిటైర్మెంట్‌ను 60 నుంచి 65కి పెంచినా, గైడ్‌గా గేటు 62కే మూసుకుంటుంది.

గేటు మూసుకునేలోపు బయటపడ్డవాళ్లూ ఉన్నారు. ఆక్స్‌ఫర్డ్‌లో రిటైర్మెంట్ దగ్గరపడుతుంటే జాన్ గుడ్‌ఇనఫ్ 1986లో టెక్సస్ వెళ్లిపోయారు. ఇవాళ ఎలక్ట్రిక్ బస్సుల్లో బాగా వాడే ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పదార్థం అక్కడే, ఆయన డెబ్బైల్లో ఉండగా పుట్టింది. 97 ఏళ్ల వయసులో నోబెల్ వచ్చింది, అది మాత్రం ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన బ్యాటరీ పనికి. మన సి.ఆర్. రావు గారు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ నుంచి రిటైరై పిట్స్‌బర్గ్‌కు, ఆ తర్వాత పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీకి వెళ్లి దశాబ్దాలు పనిచేశారు. అయితే ఒప్పుకోవాలి, 2023లో 102 ఏళ్ల వయసులో ఆయన అందుకున్న అంతర్జాతీయ బహుమతి 25 ఏళ్లప్పుడు, 1945లో రాసిన పేపర్‌కు.

రిటైర్మెంటే లేకపోతే సరిపోతుందా? అమెరికా 1994 నుంచి ప్రొఫెసర్లకు ఆ వయోపరిమితి తీసేసింది. కుర్చీ ఖాళీ కాకపోతే బయట నిలబడ్డవాడి వయసు పెరుగుతుంది. పియర్ అజులే, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు 2019లో ప్రచురించిన అధ్యయనంలో, పనిలో ఉండగానే చనిపోయిన 452 మంది పేరున్న జీవశాస్త్రవేత్తల రంగాల్లో తర్వాత ఏం జరిగిందో చూశారు. వాళ్లతో కలిసి రాసినవాళ్ల పేపర్లు తగ్గాయి. అప్పటిదాకా ఆ రంగంలో అడుగుపెట్టనివాళ్ల పేపర్లు పెరిగాయి, వాటిలో కొన్ని బాగా పేరు తెచ్చుకున్నాయి కూడా. చనిపోయినవాళ్లలో గ్రాంట్ల కమిటీల్లోనో పత్రికల సంపాదకత్వంలోనో కూర్చుని ఇతరులను అడ్డుకోగలిగిన స్థితిలో ఉన్నవాళ్లు బహు తక్కువ. పెద్దాయన ఎవరినీ ఆపినట్టు లేదు. ఆయన ఉండగా ఆ గుమ్మం తొక్కడానికి బయటివాళ్లే జంకారు.