అంతరిక్ష ఆటల్లో కష్టం, ప్రతిఫలం: అపోహలు - వాస్తవాలు

విజయవాడ పటమటలో కూర్చుని ఆన్‌లైన్ అంతరిక్ష ఆటలకు బ్యాలెన్స్ పని చేస్తుంటాను. ఏ శత్రువు ఎంత గట్టిగా ఉండాలి, ఏ మిషన్‌కు ఎన్ని క్రెడిట్లు (ఆటలోని డబ్బు) ఇవ్వాలి, నౌక పేలిపోతే ఆటగాడి చేతి నుంచి ఎంత పోవాలి, ఇలాంటి అంకెలు రాయడం, పరీక్షించడం, మళ్లీ దిద్దడం నా ఉద్యోగం. ఇక్కడ నాకు పరిచయమైన ఆటగాళ్లలో ఎక్కువమంది పగలు కాలేజీకో కొలువుకో వెళ్లి, రాత్రి భోజనం చేశాక గంటో గంటన్నరో ఆడేవాళ్లు. ఆ గంట చాలా విలువైనది. దాన్ని గౌరవించని ఆట ఎంత అందంగా ఉన్నా నా దృష్టిలో చెడ్డ ఆటే. వాళ్ల నోట తరచూ వినిపించే అపోహలకు ఆ గంటను ముందు పెట్టుకునే జవాబు చెబుతాను.

అపోహ: ప్రమాదం ఎక్కువున్న చోట రెట్టింపు డబ్బు ఇస్తే బ్యాలెన్స్ కుదిరినట్టే.

వాస్తవం: లెక్క వేసి చూడండి. ఊరికే ఉదాహరణకు ఒక ఆట అనుకుందాం. సురక్షితమైన దారిలో సరుకు రవాణా చేస్తే ట్రిప్పుకు 20 లక్షల క్రెడిట్లు, పట్టే సమయం అరగంట. ప్రమాదకరమైన దారిలో అదే అరగంటకు 50 లక్షలు. పైకి రెండున్నర రెట్లు. అయితే ఆ దారిలో పది ట్రిప్పుల్లో ఒకటి దోపిడీకి గురవుతుంది. నౌక, సరుకు కలిపి 2 కోట్లు పోతాయి. మిగతా తొమ్మిది ట్రిప్పులకు వచ్చేది నాలుగున్నర కోట్లు. అందులో 2 కోట్లు తీసేస్తే రెండున్నర. పది ట్రిప్పులకు ఐదు గంటలు. పోయిన నౌక బదులు కొత్తది కొని, ఆయుధాలు, షీల్డ్ బిగించుకుని మళ్లీ బయలుదేరడానికి ఇంకో గంట. ఆరు గంటలకు రెండున్నర కోట్లంటే గంటకు సుమారు 42 లక్షలు. సురక్షితమైన దారిలో గంటకు 40 లక్షలు. రెండున్నర రెట్లు అని ఊరించిన దారి గంటకు అదనంగా మిగిల్చేది 2 లక్షలే. అదే దోపిడీ ఐదింట ఒకటైతే ఎనిమిది ట్రిప్పుల్లో 4 కోట్లు వస్తాయి, రెండు నష్టాల్లో 4 కోట్లు పోతాయి. మిగిలేది సున్నా.

ఇది సగటు లెక్క మాత్రమే. చేతిలో 30 కోట్లున్న పాత ఆటగాడికి ఈ సగటు పనికొస్తుంది. రెండున్నర కోట్లతో మొదలుపెట్టిన కొత్తవాడికి మొదటి ట్రిప్పే పోతే సగటుతో ఏం పని? వాడు మళ్లీ ఆ మొత్తం కూడబెట్టడానికి వారం రోజుల సాయంత్రాలు పోతాయి. పైగా నష్టం మనసుకు లెక్కలో ఉన్నదానికంటే పెద్దగా తగులుతుంది. మనస్తత్వవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం చెప్పేది ఇదే. 1992లో వాళ్లిద్దరూ వేసిన అంచనా ప్రకారం పోయిన రూపాయి బాధ, వచ్చిన రూపాయి ఆనందానికి రెండింతలకు పైనే. అందుకే ప్రమాదకరమైన చోటుకు జనం వెళ్లడం లేదంటే నేను ముందు బహుమతి అంకె జోలికి వెళ్లను. నష్టం అంకె చూస్తాను. ఎలీట్ డేంజరస్‌లో నౌక పేలిపోతే దాని విలువలో 5 శాతం కడితే అదే నౌక తిరిగి వస్తుంది, మోస్తున్న సరుకు మాత్రం రాదు. ఈవ్ ఆన్‌లైన్‌లో బీమా నౌక పైపెంకుకే వర్తిస్తుంది, బిగించిన సామగ్రికి కాదు. రెండు ఆటల స్వభావం వేరు కావడానికి శత్రువుల బలం కంటే ఈ తేడాయే పెద్ద కారణమని నేను నమ్ముతాను.

అపోహ: సేఫ్ జోన్ అంటే అక్కడ నౌకకు ఏమీ కాదు.

వాస్తవం: 2003లో ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ సంస్థ విడుదల చేసిన ఈవ్‌లో నక్షత్ర మండలాలకు భద్రత స్థాయిలు ఉంటాయి. 0.5 నుంచి 1.0 వరకు ఉన్నవి హై సెక్యూరిటీ. అక్కడ అకారణంగా మరొకరి మీద కాల్పులు జరిపితే కాంకర్డ్ అనే పోలీసు దళం వచ్చి ఆ నౌకను తప్పకుండా ధ్వంసం చేస్తుంది. గమనించాల్సింది ఏమిటంటే, ఆ దళం వచ్చేది కాల్పులు మొదలయ్యాకే. భద్రత స్థాయి తగ్గేకొద్దీ ఇంకా ఆలస్యంగా వస్తుంది. అది శిక్షిస్తుంది, కాపాడదు.

దోపిడీదారుకు ఇది తెలుసు. తన నౌకలు పోతాయన్నది ముందే ఖర్చులో రాసుకుంటాడు. ఒక నౌక పేలినప్పుడు అందులోని ఒక్కో వస్తువు దక్కేది, కాలిపోయేది సగం సగం అవకాశం. కాబట్టి మీ సరుకు విలువలో సగం అతని నౌకల ఖరీదు కంటే ఎక్కువైతే మీరు అతనికి బేరం. తక్కువైతే మీ వైపు చూడడం కూడా దండగ. ఎంత సరుకు ఎక్కించాలన్న నిర్ణయం మీ చేతిలో ఉన్నంతవరకు ఆ చోటు ఎంత సురక్షితమన్నదీ మీ చేతిలోనే ఉంది. ఈ ఏర్పాటు నాకు ఎంతో ఇష్టం. మొదటి స్థాయి, రెండో స్థాయి అని బోర్డులు పెట్టకుండా, దురాశ ఎంతో కష్టం అంత అయ్యేలా చేశారు.

అపోహ: గ్రైండింగ్, అంటే చేసిన పనే మళ్లీ మళ్లీ చేయాల్సి రావడం, ఎక్కువైందంటే ప్రతిఫలం పెంచేస్తే సరి, అందరూ సంతోషిస్తారు.

వాస్తవం: ఏ ప్రతిఫలం, ఏ ఆటలో అన్నది ముందు చెప్పాలి. ఈవ్‌లో దాదాపు ప్రతి నౌకా ఆటగాళ్లు తవ్విన ఖనిజంతో ఆటగాళ్లే తయారుచేసి ఆటగాళ్లకే అమ్ముతారు. అక్కడ రాళ్లలో ఖనిజం పెంచితే, గుంటూరు మిర్చి యార్డుకు ఒకేసారి టిక్కీలు పోటెత్తిన రోజున ధరకు ఏమవుతుందో ఖనిజానికీ అదే అవుతుంది. తవ్వేవాడి శ్రమ తగ్గకపోయినా గంట సంపాదన పడిపోతుంది. అదే శత్రువులను చంపినందుకు ఇచ్చే నగదు పెంచితే కథ తిరగబడుతుంది. ఆ డబ్బు ఎవరి జేబు నుంచీ రాదు, ఆట కొత్తగా పుట్టిస్తుంది. డబ్బు పెరిగి సరుకు అంతే ఉంటే ధరలు ఎక్కుతాయి. అప్పుడు దెబ్బతినేది నిన్న చేరిన కొత్తవాడు. అందుకే మార్కెట్ పన్నులు, దళారీ రుసుములు, నైపుణ్య పుస్తకాల ధరల రూపంలో ఆట డబ్బును వెనక్కి లాగుతూ ఉంటుంది. వీటిని చూసి దోపిడీ అని తిట్టుకునే ఆటగాళ్లకు నా విన్నపం: అవి లేకపోతే మీరు దాచుకున్న డబ్బే చిత్తుకాగితం అవుతుంది. సీసీపీ 2007లోనే ఈ లెక్కలు చూడడానికి ఒక ఆర్థికవేత్తను ఉద్యోగంలో పెట్టుకుంది.

ఎలీట్‌లో నౌకలు అమ్మేది ఆటే, ధరలు స్థిరం. అయినా గొడవ తప్పలేదు, వేరే రూపంలో వచ్చింది. 2018 డిసెంబరులో గ్రహశకలాన్ని పేల్చి లోపలి రత్నాలు తీసే మైనింగ్ ప్రవేశపెట్టారు. పగుళ్లు వెతకడం, మందుపాతరల బలం సరిచూసుకోవడం, పేలుడుకు దూరంగా జరగడం, అన్నీ ముచ్చటైన పనులే. కాని అందులో దొరికే వాయిడ్ ఓపల్ టన్ను పది లక్షల క్రెడిట్లకు పైగా అమ్ముడుపోయింది. అంతవరకు ఇష్టంగా యుద్ధాలు చేసినవాళ్లు, ప్రయాణికులను మోసినవాళ్లు తాము గంటకు ఎంత నష్టపోతున్నామో లెక్క వేయడం మొదలుపెట్టారు. 2020లో మైనింగ్ ఆదాయానికి కోత పెట్టినప్పుడు ఈసారి మైనింగ్ చేసేవాళ్లు గగ్గోలు పెట్టారు. ఒక వృత్తి ప్రతిఫలం పెంచడమంటే మిగతా అన్ని వృత్తుల జీతం తగ్గించడమే. మా పనిలో ఇంతకంటే గట్టి నియమం నాకు కనిపించలేదు.

అపోహ: శత్రువుకు ప్రాణం, గురి పెంచితే ఆట కష్టమవుతుంది, కష్టమైన ఆటే మంచి ఆట.

వాస్తవం: 2016 మే నెలలో ఎలీట్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చింది. కంప్యూటర్ నడిపే శత్రువులు ఒక్కసారిగా రాక్షసులైపోయారు. నెట్‌వర్క్‌కు సంబంధించిన లోపం వల్ల ఒక ఆయుధం గుణాలు మరొకదానికి అంటుకుని, నిదానంగా పేలాల్సిన భారీ ఆయుధం కూడా మరతుపాకీలా కురిసింది. సంస్థ వెంటనే సవరించింది. అయితే అప్పుడు ఆటగాళ్లను బాధించింది ఓటమి కాదు. తామేమి చేసి ఉంటే బతికేవాళ్లమో ఎవరికీ తెలియకపోవడం.

నేను పనిచేసిన ఒక ఆటను పరీక్షిస్తున్నప్పుడు గుంటూరు నుంచి వచ్చిన డిగ్రీ విద్యార్థి పక్కన కూర్చుని చూస్తున్నాను. నౌక పేలింది. తెర మీద ‘మీ నౌక ధ్వంసమైంది’ అన్న ఒక్క వాక్యం వచ్చింది. అతను మౌస్ వదిలేసి, చేతులు కట్టుకుని, “సార్, నన్ను కొట్టింది ఎవరు?” అని అడిగాడు. ఆ ప్రశ్న వచ్చిందంటే మా పని పూర్తికాలేదన్నమాట. ఎవరు కాల్చారు, ఎంత దూరం నుంచి, ఏ ఆయుధంతో, షీల్డ్ ఏ క్షణంలో పోయింది అని చివరి పది సెకన్ల వివరం చూపే తెర చేర్చాం. శత్రువు బలంలో ఒక్క అంకె కూడా మార్చలేదు. తర్వాతి పరీక్షలో అదే అబ్బాయి అదే చోట ఓడిపోయాడు. తెర చదివి, “షీల్డ్ పోయినప్పుడే వెనక్కి తిరగాల్సింది” అనుకుంటూ మళ్లీ బయలుదేరాడు. కష్టం అంతే ఉంది. అర్థమైంది కాబట్టి భరించగలిగాడు.

అపోహ: ఎవరికి కావలసిన కష్టం వాళ్లు ఎంచుకునే వీలు ఇస్తే గొడవే ఉండదు.

వాస్తవం: కొన్ని ఆటల్లో నిజంగానే ఉండదు. నో మ్యాన్స్ స్కై 2022 నుంచి ఆ వీలు ఇచ్చింది, బాగానే నడుస్తోంది. కాని అందరి సరుకూ ఒకే మార్కెట్లో అమ్ముడయ్యే ఆటలో ఇది కుదరదు. తేలిక స్థాయిలో తవ్వినవాడి ఖనిజం, కఠిన స్థాయిలో తవ్వినవాడి ఖనిజం పక్కపక్కనే ఒకే ధరకు కూర్చుంటాయి.

అపోహ: ప్రతిఫలం లేని చోటుకు ఎవరూ వెళ్లరు.

వాస్తవం: ఎలీట్‌లో హట్టన్ ఆర్బిటల్ అనే స్టేషన్ ఉంది. మీరు ఆ మండలంలోకి దిగే నక్షత్రం నుంచి 0.22 కాంతి సంవత్సరాల దూరం. నేరుగా ముక్కు పెట్టుకుని మామూలు వేగంతో పోతే గంటకు పైగా పడుతుంది. దారిలో చేయడానికి ఏమీ లేదు. అక్కడ అనకొండ అనే ఖరీదైన నౌక ఉచితంగా ఇస్తారని పాతవాళ్లు కొత్తవాళ్లకు చెప్పి పంపడం ఆ ఆటలో ఆనవాయితీ. నౌక ఉండదు, హట్టన్ మగ్గు అనే సరుకు మాత్రం అమ్ముతారు. అయినా తెలిసి తెలిసి వెళ్లేవాళ్లున్నారు, వెళ్లొచ్చామని చెప్పుకునేవాళ్లున్నారు. చెప్పుకోవడానికి ఒక కథ దొరకడం కూడా ప్రతిఫలమే. మా అంకెల పట్టికల్లో దానికి గడి లేదు కాబట్టి దాన్ని లేనట్టు చూడకూడదు.

అపోహ: సర్వర్ విదేశాల్లో ఉంటుంది కాబట్టి విజయవాడ నుంచి ఆడేవాడికి ఎప్పుడూ నష్టమే.

వాస్తవం: సగం నిజం. ఈవ్ సర్వర్ లండన్‌లో ఉంది, మనకు సుమారు 8 వేల కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. వెళ్లి రావడానికి ఎంత మంచి కనెక్షన్ అయినా 80 మిల్లీసెకన్ల లోపు అసాధ్యం. తీగ తిన్నగా పోదు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. గురిపెట్టి కాల్చే ఆటలో ఇది దెబ్బే. ఈవ్ మాత్రం యుద్ధాన్ని సెకనుకు ఒకసారి లెక్కిస్తుంది. ఒక సెకనులో పదో వంతు ఆలస్యం అక్కడ దాదాపు కనిపించదు.

నిజమైన తేడా గడియారంలో ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఈవ్ సమయం యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. సర్వర్ రోజూ 11 గంటలకు కాసేపు ఆగుతుంది, మనకు అది సాయంత్రం నాలుగున్నర. మనం రాత్రి తొమ్మిదిన్నరకు కూర్చుంటే అక్కడ సాయంత్రం నాలుగు. పశ్చిమ ఐరోపా వాళ్లు ఇంకా పనిలో ఉంటారు, మాస్కోలో రాత్రి ఏడు. లండన్‌లో జనం పోటెత్తే వేళకు మనకు అర్ధరాత్రి దాటుతుంది. కొత్తగా చేరే మన కుర్రాళ్లు సభ్యుల సంఖ్య చూసి పెద్ద కార్పొరేషన్‌లో (ఈవ్‌లో ఆటగాళ్ల జట్టుకు ఆ పేరు) చేరి, యుద్ధాలన్నీ తెల్లవారుజామున రెండింటికి జరుగుతుంటే నిద్ర పాడుచేసుకుంటున్నారు. చేరే ముందు ఒక్క మాట అడగండి: మీ దండయాత్రలు యూటీసీ 16, 18 గంటల మధ్య ఉంటాయా అని. లేవంటే ఆ కార్పొరేషన్ ఎంత గొప్పదైనా మరొకటి వెతుక్కోండి.